పెల్లెట్ పొయ్యికి బుడ్డల పొట్టు: ముందు బూడిద తూచండి

బుడ్డల పొట్టును, అంటే వేరుశనగ కాయల డిప్పలను, పొడిచేసి చిన్న కడ్డీల్లా నొక్కితే పెల్లెట్లు. ఉగ్గాని, బజ్జీ అమ్మే చిన్న హోటల్లో తెల్లారి 4:30కి వెలిగించిన పెల్లెట్ పొయ్యి 7 గంటలకల్లా డీలా పడుతుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, పెల్లెట్లు దిగుతూనే ఉంటాయి, మంట మాత్రం లేవదు. నూనె సరిగా కాగక బజ్జీలు నూనె పీలుస్తాయి. బాణలి దించి చూస్తే జాలీ మీద అరచెయ్యంత గడ్డ, పగిలిన సీసా పెంకులా మెరుస్తూ కనిపిస్తుంది. సీకు పెట్టి పొడిచినా ఊడదు. మాస్టరు విసుక్కుని గ్యాసు అంటిస్తాడు. నెల తిరక్కుండా ఆ పొయ్యి గోడవారకు చేరుతుంది. "బుడ్డల పొట్టు ఈ పొయ్యికి పనికిరాదప్పా" అన్న మాట వీధంతా తిరుగుతుంది.

పొయ్యి అమ్మేవాళ్ళ మాట దీనికి పూర్తిగా ఎదురు. "ఏదేసినా మండుతుంది సార్" అంటారు.

రెండు మాటలూ తప్పే. బుడ్డల పొట్టు మంచి ఇంధనం. అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో ఇంత దగ్గరగా, ఇంత పొడిగా, ఏటా దొరికే ఇంధనం ఇంకొకటి చూపించడం కష్టం. పొయ్యిని చంపుతున్నది పొట్టు కాదు, పొట్టుతోపాటు వచ్చే ఎర్రమట్టి. అది ఎంతుందో కొనేముందే తెలుసుకోవచ్చు. అందుకు కావాల్సింది ఒక గాజు గ్లాసు, ఒక వంటింటి త్రాసు. ఆ రెండూ తీసుకోకుండా కిలో ధర ఒక్కటే అడిగి బస్తాలు దించుకునేవాళ్ళే ఎక్కువ. అసలు గొడవ అక్కడ మొదలవుతోంది.

ఈ యంత్రం ఎక్కడిది?

పెల్లెట్ పొయ్యి వంటకోసం పుట్టింది కాదు, చలిదేశాల్లో ఇల్లు వెచ్చబెట్టడానికి పుట్టింది. 1970ల చమురు సంక్షోభం తర్వాత, 1980ల మొదట్లో, అమెరికా వాయవ్య ప్రాంతపు కలప మిల్లుల్లో గుట్టలు పడే రంపపు పొట్టును వాడుకోవడానికి దాన్ని తయారుచేశారు. తర్వాత ఇటలీ, ఆస్ట్రియా, జర్మనీ ఇళ్ళలో అది మామూలు సామాను అయింది. పైన పెల్లెట్లు పోసే తొట్టి ఉంటుంది. తొట్టి అడుగున తిరిగే స్క్రూ కొద్దికొద్దిగా పెల్లెట్లను ఒక చిన్న ఇనప గిన్నెలోకి తోస్తుంది. గిన్నె అడుగున చిల్లులు, వాటిలోంచి ఫ్యాను గాలి. వెలిగించడానికి కరెంటుతో కాలే కడ్డీ. పొగ 3 లేదా 4 అంగుళాల గొట్టంగుండా బయటికి పోతుంది, వేడిని ఇంకో ఫ్యాను గదిలోకి ఊదుతుంది.

ఆ గిన్నె, ఆ చిల్లులు, ఆ స్క్రూ అన్నీ చెట్టు రంపపు పొట్టును లెక్కలో పెట్టుకుని చేసినవి. యూరప్‌లో ఇళ్ళకు అమ్మే మేలురకం పెల్లెట్‌కు ఎన్‌ప్లస్ ఏ1 అని ముద్ర ఉంటుంది. దాని షరతులు చూడండి: మందం 6 లేదా 8 మిల్లీమీటర్లు, పొడవు 40 మిల్లీమీటర్ల లోపు, తేమ 10 శాతం మించకూడదు, బూడిద 0.7 శాతం మించకూడదు, వేడి కిలోకు కనీసం, కరెంటు లెక్కలో, 4.6 యూనిట్లు, అంటే సుమారు 3,950 కిలో కేలరీలు. ఇందులో మన తలరాత మార్చేది బూడిద అంకె. మిగతావన్నీ మన పొట్టు కాస్త అటూఇటూగా అందుకుంటుంది.

మనకు గది వెచ్చబెట్టే పని లేదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున కూడా అనంతపురంలో మామూలుగా 15 నుంచి 17 డిగ్రీలు ఉంటుంది, దుప్పటి చాలు. మనకు కావాల్సింది సంగటికి ఎసరు, హాస్టల్లో అన్నం, పెళ్ళి మండపంలో సాంబారు, స్నానానికి వేడినీళ్ళు. అందుకు రెండు రకాల పొయ్యిలు దొరుకుతున్నాయి. ఒకటి స్క్రూతో గానీ వాలుగొట్టంతో గానీ పెల్లెట్లు ఆగకుండా దిగే హోటల్ రకం. రెండోది ఒక్కసారి నింపి పైనుంచి వెలిగించే డబ్బా రకం, ఇళ్ళకు పనికొచ్చేది. బర్నరు కొలతలు కలప పెల్లెట్‌కు చేసి, తినిపించేది మాత్రం బుడ్డల పొట్టయితే ఏమవుతుందో పైన చూశాం.

మట్టి ఎక్కడ చేరుతుంది, గాజు ఎలా అవుతుంది?

శుభ్రమైన బుడ్డల పొట్టును కాలిస్తే మిగిలే బూడిద సుమారు 3 నుంచి 5 శాతం. మట్టి పట్టిన పొట్టుతో చేసిన పెల్లెట్‌లో అది 15 శాతానికి పోగలదు. రోజుకు 20 కిలోలు కాల్చే హోటల్‌కు ఈ తేడా అంటే ఏమిటి? మేలురకం కలప పెల్లెట్ అయితే రోజుకు 140 గ్రాముల బూడిద, ఒక గ్లాసెడు. శుభ్రమైన పొట్టయితే 800 గ్రాములు. మట్టి పొట్టయితే 3 కిలోలు. అందులో రెండు కిలోలకు పైగా మట్టే. దాన్ని ఇంధనం ధరకు కొని, ఆటోలో తెచ్చి, పొయ్యిలో వేడెక్కించి, మళ్ళీ తీసి పారబోస్తున్నాం.

బరువు ఒక్కటే అయితే భరించవచ్చు. ఇసుక విడిగా కరగాలంటే 1,700 డిగ్రీలు కావాలి. దానికి పొటాషియం తగిలితే 1,000 డిగ్రీలలోపే మెత్తబడుతుంది. గాజుల బట్టీలో ఇసుకకు క్షారం కలిపేది ఇందుకే. బుడ్డల పొట్టులో పొటాషియం ఉంది, మట్టిలో ఇసుక ఉంది, జాలీ దగ్గర 900 నుంచి 1,100 డిగ్రీల వేడి ఉంది, ఫ్యాను గాలి ఉంది. బూడిద చెమర్చి, ఒకదానికొకటి అంటుకుని, చల్లారేసరికి గడ్డకడుతుంది. కొలిమి అడుగున దొరికే ఇనప చిట్టెం గుర్తుకొస్తుంది దాన్ని చూస్తే. ఈ పనివాళ్ళు క్లింకర్ అంటారు. ఎర్రగుంట్ల, తాడిపత్రి వాళ్ళకు ఈ మాట కొత్తకాదు. సిమెంటు ఫ్యాక్టరీకి క్లింకరే సరుకు, పొయ్యికి అదే గొంతు మీద కత్తి. శుభ్రమైన కలప బూడిదలో సున్నం పాలు ఎక్కువ, అది 1,200 డిగ్రీలు దాటినా మామూలుగా కరగదు. అందుకే చలిదేశాల చిన్న గిన్నెలు రోజంతా మూసుకుపోకుండా పనిచేస్తాయి.

మట్టి ఎక్కడ ఎక్కుతుందన్నది ఇంకా ముఖ్యం, ఎందుకంటే చాలావరకు ఆపగలిగిందే. తడి నేలలో పీకిన కాయ గీతల సందుల్లో కొంత మట్టి ఉంటుంది, అది ఎలాగూ తప్పదు. తర్వాత బుడ్డలు ఒలిచే మిల్లులో పప్పు పగలకూడదని కాయ మీద నీళ్ళు చిలకరిస్తారు. చెమ్మగా ఉన్న పొట్టును మిల్లు వెనక నేలమీదే గుట్ట పోస్తారు. లారీకి ఎత్తేటప్పుడు జేసీబీ బకెట్టు గుట్ట అడుగుదాకా గీకుతుంది. ఎక్కువ మట్టి చేరేది సరిగ్గా ఆ గీకుడులోనే. బండల మీద పోసి, పారతో గానీ గంపతో గానీ ఎత్తితే సగం సమస్య అక్కడే తీరుతుంది. మిగతా సగం పెల్లెట్ ఫ్యాక్టరీలో జల్లెడ పట్టాలి. పొట్టును గ్రైండ్ చేసేముందు 2, 3 మిల్లీమీటర్ల కన్నాలున్న తిరిగే డ్రమ్ములో పోస్తే మట్టి కిందికి రాలుతుంది. గ్రైండింగ్ అయ్యాక పట్టి లాభం లేదు. అప్పటికి పొట్టూ మట్టీ ఒకే సైజు పొడి.

అందుకే పెల్లెట్లు చేసేవాళ్ళను ధరకన్నా ముందు రెండు మాటలు అడగండి. పొట్టు ఎక్కడ పోసి ఉంటుంది, బండల మీదా నేల మీదా? గ్రైండర్ ముందు జల్లెడ ఉందా? వీలైతే వెళ్ళి చూడండి. జల్లెడ డ్రమ్ము కింద ఎర్ర దిబ్బ కనిపిస్తే ఆ మట్టి మీ పొయ్యిలోకి రాలేదన్నమాట.

గ్లాసు, త్రాసు

గాజు గ్లాసు నిండా నీళ్ళు తీసుకుని పది పెల్లెట్లు వేయండి. సరిగా నొక్కినవైతే వెంటనే మునుగుతాయి. తేలితే ఒత్తిడి చాలలేదు, అలాంటివి దారిలోనే పొడి అవుతాయి. మునిగినవాటి పైపొర కాసేపటికే విచ్చుకోవడం మొదలవుతుంది, ఒక పావుగంటకల్లా ఉబ్బి ముద్దయిపోతాయి. చెంచాతో బాగా కలిపి అరగంట కదపకుండా పెట్టండి. నీళ్ళు టీ రంగుకు తిరుగుతాయి. దాన్ని చూసి కంగారు పడొద్దు, ఆ రంగు పొట్టుది. చూడాల్సింది అడుగు. పొట్టు పీచు మెత్తగా, గోధుమరంగులో పేరుకుంటుంది. దానికింద గ్లాసును అంటుకుని సన్నటి ఎర్ర గీత ఉంటే అది మట్టి. నీళ్ళు వంపేసి ఆ అడుగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపండి. కరకరమంటే ఇసుక. రెండు చోట్ల సరుకు తెచ్చి రెండు గ్లాసులు పక్కపక్కన పెడితే ఎవరూ చెప్పక్కర్లేదు, పిల్లలు కూడా ఏది కొనాలో చూపిస్తారు.

గ్లాసు చెప్పేది ఉందా లేదా అన్నంతవరకే. ఎంతుందో త్రాసు చెబుతుంది. పొయ్యి, జాలీ, బూడిద అర మొత్తం తుడిచి, కచ్చితంగా 1 కిలో పెల్లెట్లు తూచి వేసి వెలిగించండి. మంట ఆగాక కూడా ఫ్యానును సన్నగా తిరగనిస్తూ నిప్పులు పూర్తిగా తెల్లబడేదాకా ఉంచండి. నల్లటి బొగ్గు మిగిలితే లెక్క తప్పుతుంది. రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున బూడిదనూ గడ్డలనూ కలిపి తూచండి. వచ్చిన గ్రాములను 10తో భాగిస్తే శాతం. 45 గ్రాములైతే 4.5 శాతం. సన్నటి బూడిద కొంత గాలికి ఎగిరిపోతుంది కాబట్టి అసలు అంకె ఇంకాస్త ఎక్కువే అనుకోండి. నా లెక్కలో 50 గ్రాములలోపైతే కళ్ళుమూసుకుని కొనవచ్చు. 50 నుంచి 80 మధ్య అయితే ధర తగ్గించి అడగాలి, జాలీని పూటపూటకూ గీకాలి. 80 దాటితే బస్తా తిప్పి పంపడమే. గడ్డలను వేళ్ళతో నలిపి చూడండి. పొడయితే పరవాలేదు, రాయిలా ఉంటే బరువు తక్కువున్నా ఆ సరుకు వద్దు.

మిగతా రెండు పరీక్షలకు నిమిషం పట్టదు. పెల్లెట్‌ను విరిస్తే టక్‌మని విరగాలి. వంగి, నారగా చీలితే తేమ ఎక్కువ. బస్తాలోంచి 5 కిలోలు తీసి రవ్వ జల్లెడ కన్నా కాస్త పెద్ద కన్నాల, 3 మిల్లీమీటర్ల జల్లెడలో ఆడించండి. కింద పొడి 100 గ్రాములు దాటితే ఆ బస్తా స్క్రూలో ఇరుక్కుంటుంది, డబ్బా పొయ్యిలో గాలిని అడ్డుకుంటుంది.

మరో సంగతి. బుడ్డల పొట్టులో లిగ్నిన్ దండిగా ఉంది, మొక్కల్లో పీచును పట్టి ఉంచే పదార్థం అది. ప్రెస్సులో 8 మిల్లీమీటర్ల చిల్లులున్న అచ్చు (డై) గుండా దూరేటప్పుడు పుట్టే వేడికి అది మెత్తబడి తానే జిగురుగా పనిచేస్తుంది. పొడిలో తేమ 10 నుంచి 14 శాతం మధ్య ఉంటే చాలు, విడిగా జిగురు అక్కర్లేదు. కాబట్టి బుడ్డల పొట్టు పెల్లెట్ గంట నానినా విచ్చుకోకపోతే అందులో ఇంకేం కలిసిందో అడగాలి. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో నొక్కిన పలక) కోసిన పొడి కలిపితే మంటలో ఘాటు వాసన వస్తుంది, కళ్ళు మండుతాయి. అందులో ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది. వంట పొయ్యిలోకి అది రానేకూడదు.

గ్యాసుతో పోలిస్తే

ఎవరో ఇచ్చిన లాభాల పట్టిక నమ్మకుండా మీరే లెక్క వేసుకోండి. గ్యాసులో కిలోకు సుమారు 11,000 కిలో కేలరీలు, మంచి బర్నరు అందులో 65 శాతం గిన్నెకు అందిస్తుంది. హోటల్ వాడే 19 కిలోల సిలిండర్ అంటే గిన్నెకు చేరేది దాదాపు 1,36,000 కిలో కేలరీలు. శుభ్రమైన పొట్టు పెల్లెట్‌లో కిలోకు 3,800 వేసుకోండి. ఫ్యాను ఉన్న బయోమాస్ (కట్టె, పొట్టు లాంటివి కాల్చే) పొయ్యికి భారతీయ ప్రమాణం ఐఎస్ 13152 అడిగేది కనీసం 35 శాతం సామర్థ్యం, ఫ్యాను లేనిదానికి 25. 35 శాతం మీద కిలోకు 1,330 చేరుతుంది. అంటే ఒక 19 కిలోల సిలిండర్‌కు 102 కిలోల పెల్లెట్లు. గుర్తుపెట్టుకోవడానికి తేలిక: ఈరోజు కమర్షియల్ సిలిండర్ ధరను 100తో భాగించండి. పెల్లెట్ కిలో ధర, రవాణాతో సహా, అంతకన్నా బాగా తక్కువుంటేనే బేరం. బాగా అని ఎందుకంటున్నానంటే బూడిద తీసే మనిషి కూలి, వెలిగించే పది నిమిషాలు కూడా ఖర్చే.

అదే మట్టి పెల్లెట్ అయితే 12 శాతం తేమ, 15 శాతం బూడిదతో కిలోకు 3,200 కూడా గట్టిగా రాదు. జాలీ మూసుకుని సామర్థ్యం 30కి పడుతుంది. అప్పుడు సిలిండర్‌కు 140 కిలోలకు పైగా కావాలి. కిలోకు రెండు రూపాయలు తక్కువని మురిసి కొన్న సరుకు 40 శాతం ఎక్కువ ఖర్చవుతోంది. "పెల్లెట్ గిట్టుబాటు కాలేదు" అనేవాళ్ళలో చాలామంది లెక్క ఇక్కడే తప్పింది.

ఇంటి వంట సంగతి వేరు. 14.2 కిలోల సిలిండర్‌కు ఇదే లెక్కన 76 కిలోల పెల్లెట్లు వస్తాయి. ఇంటి గ్యాసు ధర మీద, దానికి సబ్సిడీ కూడా ఉంటే, నలుగురున్న ఇంట్లో రోజంతా పెల్లెట్ మీద వండితే మిగిలేది ఏమీ ఉండదు. పల్లెలో సొంత పొట్టు ఇచ్చి పెల్లెట్లు చేయించుకునే రైతుకు తప్ప ఇంటి వంటకు దీన్ని సిఫారసు చేయను. స్నానం నీళ్ళకైతే ఎండకు కరువులేని మన జిల్లాల్లో సోలార్ హీటరే ముందు. ముసురు పట్టిన రోజులకు బాయిలర్ కింద పెల్లెట్ బర్నరు పెట్టుకోవచ్చు. 60 లీటర్లను 25 నుంచి 45 డిగ్రీలకు తేవడానికి 1,200 కిలో కేలరీలు కావాలి, అంటే 900 గ్రాముల పెల్లెట్లు చాలు. పెల్లెట్ నిజంగా గెలిచేది టిఫిన్ హోటళ్ళు, హాస్టళ్ళు, మండపాలు, మెస్సుల్లో. అక్కడ కమర్షియల్ సిలిండర్లు కాలుతున్నాయి, రోజూ ఒకే వేళకు పెద్ద మంట కావాలి.

వెలిగించడం, ఆపడం

డబ్బా పొయ్యిలో పెల్లెట్లు మండేది మనం కట్టెలు మండించినట్టు కాదు. పైపొర వెలిగాక దాని వేడికి కింది పొర నుంచి గ్యాసు పుడుతుంది, ఆ గ్యాసు పైనున్న చిల్లుల్లోంచి వచ్చే గాలి తగిలి మండుతుంది. అందుకే ఆ చిల్లులకు ఒక అంగుళం కింద వరకే నింపాలి. చిల్లులు మూసుకుపోతే గ్యాసు మండకుండా పొగై లేస్తుంది. వెలిగించడానికి పైన కాస్త కొబ్బరి పీచు, నాలుగు కర్పూరం బిళ్ళలు చాలు. మూడు నాలుగు నిమిషాలు ఫ్యాను సన్నగా ఉంచి, పైపొరంతా అంటుకున్నాక పెంచాలి. మొదట్లోనే గట్టిగా ఊదితే మంట ఆరి తెల్లపొగ కమ్ముకుంటుంది.

మధ్యలో పిడికెడు పిడికెడుగా పైనుంచి పోయడం అందరూ చేసే తప్పు. కొత్త పెల్లెట్లు మంటను కప్పేస్తాయి, వాటి గ్యాసు మండకుండా తెల్లపొగగా పోతుంది. వంటకు ఒక్క నింపుడు చాలకపోతే రెండు డబ్బాలు పెట్టుకోండి. సంగటి చేసేవాళ్ళకు ఇంకో మెలిక ఉంది. ఎసరుకు పెద్ద మంట, పిండి వేశాక సన్నసెగ కావాలి. ఈ పొయ్యి గ్యాసు మాదిరి తిప్పగానే తగ్గదు, ఫ్యాను తగ్గించినా మంట కుదుటపడటానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. పిండి వేయడానికి అంత ముందే తగ్గించుకోవాలి. లేకపోతే నింపేటప్పుడే లెక్క చూసుకుని, ఎసరు మరిగేసరికి మంట దశ అయిపోయి నిప్పుల దశ వచ్చేటట్టు పెల్లెట్లు తక్కువ పోయాలి. నాకు నచ్చేది ఈ రెండో పద్ధతి. నిప్పుల సెగ మీద సంగటి అడుగంటకుండా మగ్గుతుంది.

మంటను చూసి రోగం చెప్పవచ్చు. గిన్నె అడుగు నల్లగా మసిబారితే పైగాలి చాలడం లేదు, చిల్లులు తుడవాలి. నిప్పురవ్వలు ఎగిరితే ఫ్యాను ఎక్కువైంది. కళ్ళు మండే పుల్లటి పొగ వస్తే పెల్లెట్ తడిసింది. మంట ఒక పక్కకే లేస్తే జాలీలో రెండో పక్క గడ్డ కట్టింది. గడ్డ పట్టడం మొదలైందని అనుమానం రాగానే ఫ్యాను ఒక మెట్టు తగ్గించండి. జాలీ దగ్గర వేడి తగ్గితే బూడిద కరగడం తగ్గుతుంది. గడ్డ వేడిమీద ఉన్నప్పుడు పొడిస్తే బంకలా సాగి ఊచలకు అంటుకుంటుంది, పూర్తిగా చల్లారాక తడితే పెళుసుగా ఊడుతుంది.

కరెంటు పోతే ఫ్యాను ఆగి హోటలంతా పొగ. 12 వోల్టులు, అర ఆంపియర్ తీసుకునే ఫ్యానుకు 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ పెడితే సగం చార్జీ వాడుకున్నా 7 గంటలు తిరుగుతుంది. పొయ్యితోపాటే అది కొనండి.

నిప్పుల దశలో పొగ కనపడదు, అందుకే అది ప్రమాదం. అప్పుడే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఎక్కువ పుడుతుంది, దానికి వాసన లేదు. చలిగా ఉందని నిప్పులున్న పొయ్యిని తలుపులు మూసిన గదిలో పెట్టుకుని పడుకోవడం ప్రాణాల మీదికి వస్తుంది. పొయ్యి ఎంత ఖరీదైనదైనా సరే, పొగగొట్టం లేకపోతే వరండాలోనే ఉండాలి.

పొట్టు కాకపోతే ఏది, పొట్టు ఎవరికి?

సామిల్లు రంపపు పొట్టు పెల్లెట్ దొరికితే బూడిద విషయంలో దానికి సాటిలేదు. కానీ ఇక్కడ అది కొద్ది, ధర ఎక్కువ. బుడ్డల పొట్టులో మూడో వంతు రంపపు పొట్టు కలిపి నొక్కిన పెల్లెట్ హోటల్ బర్నరుకు నేను చూసినంతలో మేలైన మిశ్రమం. ఆదోని వైపు పత్తి కట్టె దండిగా ఉంది, వేర్లతో పీకుతారు కాబట్టి వేరు కోసేసి తెస్తేనే మట్టి తగ్గుతుంది. కంది కట్టె మంచిది. చీనీ (బత్తాయి) తోటల్లో కొట్టేసిన కొమ్మలు, సర్కారు కంప పొడి చేస్తే ఇంకా మంచిది. నంద్యాల వైపు దొరికే వరి ఊకను మాత్రం ఈ పొయ్యిలకు దూరంగా ఉంచండి. దాని బూడిదే 20 శాతం దాకా ఉంటుంది, మట్టి లేకపోయినా.

బుడ్డల కట్టెను, అంటే కాయ తీశాక మిగిలే చెట్టును, ఎవరైనా పెల్లెట్లు చేస్తామని అడిగితే ఇవ్వకండి. సగటున 550 మిల్లీమీటర్లు కురిసే అనంతపురం నేలలో వేసవిలో పశువు బతికేది ఆ కట్టె మీదే. గొడ్డు నోటి దగ్గరి మేత పొయ్యిలోకి పోకూడదు, ఎంత ధర వచ్చినా.

ఇంధనం దొరకడం గురించి ఒక పాత పాఠం ఉంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)తో కలిసి బ్రిటన్ చమురు కంపెనీ బీపీ తెచ్చిన ఊర్జా అనే పెల్లెట్ పొయ్యి 2006లో మార్కెట్లోకి వచ్చింది. నాలుగు లక్షలకు పైగా అమ్ముడుపోయింది. పొయ్యి బాగానే ఉంది. కానీ పెల్లెట్లు చేసే ముడిసరుకును ఫ్యాక్టరీ బాయిలర్లు కూడా కొనడం మొదలుపెట్టేసరికి పెల్లెట్ ధర పెరిగింది, ఇళ్ళవాళ్ళు మానేశారు. ఇప్పుడు పోటీ ఇంకా పెద్దది. బొగ్గు విద్యుత్ కేంద్రాలు 5 శాతం బయోమాస్ పెల్లెట్లు కలపాలని 2021 అక్టోబరులో కేంద్రం విధానం ప్రకటించింది. సిమెంటు బట్టీకి బూడిద అడ్డే కాదు, అది సరుకులో కలిసిపోతుంది. అయితే మట్టి పొట్టు వాళ్ళకు పోనివ్వండి, అది వాళ్ళకు సరిపోతుంది. శుభ్రమైన పొట్టు వేరుగా పోసి వేరుగా అమ్మే మిల్లుకు హోటళ్ళవాళ్ళు కిలోకు ఒక రూపాయి ఎక్కువిచ్చినా నష్టం లేదని పై లెక్కే చూపిస్తోంది. నలుగురైదుగురు హోటళ్ళవాళ్ళు కలిసి ఏడాదికి ఇంత అని ముందే మాట్లాడుకుంటే జల్లెడ డ్రమ్ము పెట్టడానికి మిల్లుకు ధైర్యం వస్తుంది.

మాట్లాడుకునే కాలం డిసెంబరు నుంచి ఏప్రిల్. బుడ్డలు ఒలిచేది ఎక్కువగా అప్పుడే, టన్ను కాయకు 280 నుంచి 300 కిలోల పొట్టు వస్తుంది, ఆరబెట్టడానికి ఎండ ఉంటుంది. వానలు మొదలయ్యాక కొన్న పెల్లెట్ తేమ పట్టి ఉండే అవకాశం ఎక్కువ. తెచ్చిన బస్తాలను నాపరాయి బండల మీద నేరుగా వేయకండి, ముసురులో బండ చెమ్మగిల్లి అడుగు బస్తా ఉబ్బిపోతుంది. నాలుగు అంగుళాల ఎత్తున చెక్కలు వేసి, గోడకు జానెడు ఎడం వదిలి, ఎనిమిది బస్తాలకు మించకుండా పేర్చండి. బస్తా మూతి విప్పగానే చెయ్యి లోపలికి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ప్రెస్సు దగ్గర చల్లారకముందే కుట్టేశారు. దాన్ని నీడలో పరిచి ఆరనిచ్చాకే వాడండి, లేకపోతే వారంలో బూజు పడుతుంది.